కప్పు గురిగి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్లలో ఎవరూ ఇల్లు కిరాయికిచ్చి చూసినట్టు లేదు. చూసి ఉంటే ఆ సామెతకు మూడో ముక్క కూడా ఉండేది.

మార్కండేయకు బోధన్‌లో మూడు కిరాయి ఇళ్లున్నాయి. ఇళ్లు అనడం ఆయన గొప్ప. చూసేవాళ్లకు మాత్రం ఒకే గోడకు ఆనుకుని వరుసగా మూడు అర్రలు, ఒక్కో అర్ర ముందు ఒక అరుగు, అందరికీ కలిపి ఒక బావి. వరుస చివర ఆయన, భార్య ప్రమీలమ్మ ఉండే ఇల్లు. ఊరి బయట చక్కెర ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. ఎక్కడెక్కడి నుంచో పనికి వచ్చినవాళ్లు పశువుల కొట్టం దొరికినా చాలునని తిరుగుతున్నారు. అలాంటప్పుడు మూడు అర్రలున్న మనిషి కాలు మీద కాలు వేసుకుని కూర్చోవచ్చు. మార్కండేయ కూడా కూర్చునేవాడు, కానీ కప్పు వంక చూస్తూ కూర్చునేవాడు.

ఆ చూపు ఆయనకు భీమ్‌గల్‌లో అబ్బింది. అక్కడ వాళ్ల నాయనకూ కిరాయి ఇళ్లుండేవి. వచ్చిన కిరాయి వచ్చినట్టే తిన్నాడు, పదిమందికి పెట్టాడు, దొర అనిపించుకున్నాడు. ఒక శ్రావణంలో కప్పు కూలింది. బాగుచేయించడానికి చేతిలో చిల్లిగవ్వ లేక, కూలిన ఇళ్లను కూలిన ధరకే అమ్ముకున్నాడు. ఆనాడే మార్కండేయకు ఒక సంగతి తెలిసింది. కిరాయి అంతా మనది కాదు, అందులో కొంత ఇంటిది. ఇల్లు తన వాటా నోరు తెరిచి అడగదు. అడిగిన రోజు నెత్తిమీద పడి అడుగుతుంది.

అందుకే ఆయన ఇంట్లో గూటిలో మూడు గల్లగురుగులుండేవి. సన్నని నోరున్న మట్టి గురుగులు. డబ్బు లోపలికి పోతుంది కానీ, పగలగొడితే తప్ప బయటికి రాదు. ఒకటి సున్నం గురిగి, ఏటేటా వచ్చే చిల్లర మరమ్మతులకు. ఒకటి బావి గురిగి, పూడిక తీయించడానికి. అన్నిటికంటే పెద్దది కప్పు గురిగి, ఏ ఇరవై ఏళ్లకో ఒకసారి వచ్చి మనిషిని ముంచిపోయే ఖర్చుకు. నెలనెలా కిరాయి రాగానే మొదటి ముద్ద ఈ మూడింటికే. "మనకన్న గురుగులే మంచిగ తింటున్నయ్" అనేది ప్రమీలమ్మ. ఒక గురిగి డబ్బు ఇంకో పనికి వాడకూడదని ఆయన నియమం. ఆమె తమ్ముని పెళ్లికి అప్పు తెచ్చాడే కానీ గూటి వైపు చెయ్యి చాపలేదు. ఆమె పుట్టింటివాళ్లు ఈ ముచ్చట చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతారు.

పోయిన వానాకాలం మూడో అర్రలో దూలం విరిగింది. ఆ అర్రలో ఉండేది బాపురావు. నాందేడ్ వైపు మనిషి, ఫ్యాక్టరీలో కూలీల హాజరు రాసే గుమాస్తా. ఆయన భార్య దూలం కింద కూర్చుని బియ్యం ఏరుతూ, పొయ్యిమీద పప్పు పొంగితే లేచి వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే దూలం ముక్క ఆమె కూర్చున్న చోటే పడింది. ఆమె అప్పుడు నిండు మనిషి. మార్కండేయ ఆ పూట అన్నం ముట్టలేదు. విరిగిన దూలానికి కింద గుంజ పాతించి, పుట్టబోయే బిడ్డను ఈ దూలం కింద పడుకోబెట్టనివ్వనని భార్య ముందు ఒట్టు పెట్టుకున్నాడు.

శివరాత్రి వెళ్లిన వారానికి ఆ ఒట్టుకు గడువు వచ్చింది. కాన్పుకు పుట్టింటికి పోయిన భార్యనూ, పుట్టిన ఆడపిల్లనూ తీసుకురావడానికి బాపురావు నాందేడ్ వెళ్లాడు. సోమవారం సాయంత్రం మోటారు బస్సుకు దిగుతామని చెప్పి, తాళంచెవి ప్రమీలమ్మ చేతికిచ్చాడు. ఇక దూలం మార్చాల్సిన వడ్రంగి, వడ్ల దశరథానికి ఖాళీ ఉన్నది ఆ ఒక్క సోమవారమే. మంగళవారం నుంచి అతను ఫ్యాక్టరీ పనిలోకి పోతున్నాడు. పోతే మళ్లీ వానలు పడేదాకా దొరకడు.

"పొద్దుగాల పెంకులు దీసుడు, పగటీలి దూలం ఎక్కిచ్చుడు, దీపాలు వెట్టె యాల్లకు కప్పు మూసుడు" అన్నాడు మార్కండేయ, పొద్దున్నే నడుముకు తువ్వాల బిగించి. "సామాను నీది, పని నీది దశరథం. కప్పు పడ్డంక నీ చేతుల్తోనే గురిగి వలగ్గొట్టు. ఎంతుంటె అంత నీదే."

"గురిగి బరువు నాకెర్కలేదా అన్నా" అన్నాడు దశరథం. ఎండిన టేకు దూలం బండి మీద వేసుకుని, వెంట ఒక మనిషిని తెచ్చుకున్నాడు. ఊరిలో అంతగా ఎండిన దూలం అదొక్కటే.

పని దివ్యంగా మొదలైంది. దశరథం కప్పెక్కి గూన పెంకులు ఒక్కొక్కటే తీసి అందిస్తుంటే, మార్కండేయ నిచ్చెన మీద నిలబడి కిందికి దించాడు. ప్రమీలమ్మ బాపురావు సామాను దుమ్ము పడకుండా బయటికి తెచ్చింది. మంచం వాకిట్లో వేసి, పరుపు, గొంగళ్లు, పసిపిల్ల కోసం తన పాత చీరలతో తాను కుట్టిన చిన్న చిన్న బొంతలు దానిమీద ఎండేసింది. మూసి ఉన్న అర్రలోకి ఎండ నేరుగా పడింది.

ఈ ముగ్గురికీ తట్టని సంగతి ఒకటుంది. ఆ కాలంలో ఊళ్లోకి ప్లేగు వస్తే జనం చేసే పనులు మూడు. ఇంటి కప్పు పెంకులు తీసి లోపలికి ఎండ కొట్టనివ్వడం, పడకబట్టలు వాకిట్లో ఆరేయడం, ఊరి బయట గుడిసెలు వేసుకుని ఉండడం. ఆ రోగం పేరు మాత్రం ఎవరూ పలకరు. గడప ముందు ఆ పేరెత్తితే పిలిచినట్టే అవుతుందని భయం. కాబట్టి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. పెంకులు తీసిన కప్పును చూసి ఎవరికి వాళ్లు అర్థం చేసుకుంటారు.

ఎదురింటి లింగవ్వ చీపురు చేతిలో పట్టుకుని బయటికొచ్చింది. కప్పు చూసింది, మంచం చూసింది. చీపురు మెల్లగా కింద పెట్టింది.

"మార్కండేయా, బాపురావు ఏడి కొడుకా?"

"ఇంట్ల లేడవ్వా" అన్నాడాయన నిచ్చెన మీది నుంచి. నెత్తిమీద పెంకులుంటే ఎవరైనా అంతకంటే ఎక్కువ మాట్లాడరు.

"ఇదొక్కటేనా, అన్నిట్ల కప్పు తీస్తవా?"

"అన్నిటియి తీసుడే. ఒకటి ఖరాబైనంక పక్కది ఎన్నొద్దులు ఆగుతది?"

లింగవ్వ లోపలికి పోయి మనుమణ్ణి చంకనెత్తుకుని, బియ్యం మూట నెత్తిన పెట్టుకుని బయటపడింది. పోతూ పోతూ బావి దగ్గర నీళ్లు తోడుతున్న పెంటవ్వ ముందు ఆగింది. పెంటవ్వ మార్కండేయ మొదటి అర్రలోనే ఉంటుంది, ఫ్యాక్టరీ కూలీలకు గుడాలు, మురుకులు అమ్ముతుంది. లింగవ్వ ఆమెకు నోటితో ఏమీ చెప్పలేదు. కప్పు వైపు గదువతో చూపించి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. పెంటవ్వ చేద తాడు చేతిలోంచి జారి బావిలో పడింది.

నోటితో చెప్పని మాట నోటితో చెప్పిన దానికంటే తొందరగా పోతుంది. వాడ మొదట్లో బాపురావుకు జ్వరం వచ్చింది. వాడ నడుమకు వచ్చేసరికి చంకలో గడ్డ లేచింది. వాడ చివరకు చేరేసరికి పాపం బాపురావు కాలం చేశాడు, దహనం కూడా అయిపోయింది, పిల్లతల్లి నాందేడ్‌లో ముండమోసింది. ఒక్క ఎలుక కూడా చావని ఆ వాడలో బుట్టలకొద్దీ ఎలుకలు చచ్చాయి. ఇంకా విచిత్రం, వాటి కంపు కూడా కొందరికి తగిలింది.

బండ్లు కట్టారు. కోళ్ల గంపలు, తిరగళ్లు, మంచాలు, ముసలివాళ్లు వాటి మీదికెక్కారు. కొందరు ఎడపల్లిలో చుట్టాల ఇళ్లకు దారిపట్టారు. మిగిలినవాళ్లు మోటారు రోడ్డు పక్కన కోత అయిపోయిన చెరుకు మడిలో గుడిసెలు వేయడం మొదలుపెట్టారు. గుంజలకూ ఆకుకూ కొదవ లేదు. దశరథం వెంట వచ్చిన మనిషి మంచినీళ్లు తాగొస్తానని కప్పు దిగి, మళ్లీ ఎక్కలేదు.

"ఇన్ని బండ్లు వోతున్నయేంది?" అన్నాడు మార్కండేయ. "ఏడనన్న జాతరున్నదా?"

"లింబాద్రి గుట్ట జాతర కార్తీకంలనే అయిపాయె గదనే" అన్నాడు దశరథం, వాసానికి మేకు పీకుతూ.

అంతలో మార్కండేయ కంటికి ఇంకో దృశ్యం కనబడింది. తన కిరాయిదారులు పెంటవ్వ, రెండో అర్ర భీమన్న మూటలు నెత్తిన పెట్టుకుని, తలలు వంచుకుని వాడ దాటుతున్నారు. భీమన్న ఫ్యాక్టరీలో ఇనుప పనివాడు, ఎద్దులాంటి మనిషి. అలాంటివాడు కూడా వెనక్కి చూడకుండా నడుస్తున్నాడు. అరుగుల మీద తాళంచెవులు పెట్టి ఉన్నాయి.

మార్కండేయ గుండె జారింది. ఎందుకంటే ఆయన మనసులో ఒక దొంగ ఉన్నాడు. కొత్త కప్పు పడ్డాక కిరాయి నెలకు నాలుగణాలు పెంచుదామని మొన్ననే భార్యతో అన్నాడు. పెట్టిన డబ్బు మెల్లగా గురిగిలోకి తిరిగి రావాలి కదా అని ఆయన లెక్క. ఆ మాట మూడో చెవిన పడకూడదనుకున్నాడు. పడిందన్నమాట!

"నోట్ల నువ్వుగింజ నానదే నీకు!" అని నిచ్చెన దిగుతూనే భార్య మీద విరుచుకుపడ్డాడు. "నాలుగణాల ముచ్చట అప్పుడే వాడంత సెప్పినవా?"

"నాకేం పనిలేదా? నీ నాలుగణాలు నాకు యాదిల గూడ లేవు" అంది ప్రమీలమ్మ. ఆ మాట వినకుండానే ఆయన ఉరికాడు.

వాడ మలుపులో వాళ్లు కనబడ్డారు. "పెంటవ్వా! భీమన్నా! ఆగుండ్రి! కిరాయి పెంచ!" అని కేక వేశాడు మార్కండేయ. వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆయన ఒళ్లంతా పెంకుల మట్టి, జుట్టు చెదిరి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాళ్లు అడుగు వేగం పెంచారు.

"ఏడాది దాంక పెంచ! నా మాట ఇనుండ్రి!"

వాళ్లు ఇంకా వేగంగా నడిచారు.

"రెండేండ్లు! రెండేండ్ల దాంక నాలుగణాలు గాదు, పైస గూడ పెంచ!"

భీమన్న ఒక్క క్షణం ఆగి పెంటవ్వ ముఖంలోకి చూశాడు. "అక్కా, ఇంటాయన ఎంటవడి కిరాయి పెంచనంటుండంటె..."

"ఇగ అనుమానం లేదు తమ్మీ. ఉరుకు!" అంది పెంటవ్వ. ఇద్దరూ మూటలు పట్టుకుని పరుగు లంకించుకున్నారు. వాళ్ల వెనకాలే పెంటవ్వ మురుకులు దారి పొడుగునా రాలాయి.

మార్కండేయ కాళ్లీడ్చుకుంటూ తిరిగొచ్చేసరికి వాకిట్లో ఊరి శుభ్రత చూసే సఫాయి జమాదారు ఉన్నాడు. ఖాకీ కోటు, చేతిలో బెత్తం, వెంట సున్నం తట్టలు మోస్తున్న కూలీలు. వాడ వాడంతా ఊరి బయట పడిందని సర్కారు కచేరీకి కబురు పోయింది మరి. ఆయన కప్పు వంకా ఎండేసిన పడక వంకా చూసి ముగ్ధుడయ్యాడు.

"శాబాష్! హుకుం రాకముందే కప్పు దీసినవ్, బిస్తరు ఎండకేసినవ్. ఈ ఊర్ల తెలివున్న మనిషి నువ్వొక్కనివే!"

"సాబ్, మీరనుకునేది గాదు. ఇది మరమ్మతు. దూలం ఇరిగింది, మారుస్తున్న" అన్నాడు మార్కండేయ. వాడ ఎందుకు ఖాళీ అయిందో అప్పుడే ఆయన బుర్రకెక్కింది.

జమాదారు జాలిగా నవ్వాడు. "మరమ్మతు అనే అందరంటరు. పోయినేడు ఇంకో ఊర్ల ఒగాయన గూడ మరమ్మతే అన్నడు. లోపట జూస్తె ఇద్దరున్నరు పండుకొని." ఆయనకు మార్కండేయ మీద గౌరవం ఏమాత్రం తగ్గలేదు. ఆనవాయితీ ప్రకారం దాచిపెడుతున్నాడు, అంతే అనుకున్నాడు. బెత్తంతో వాడంతా చూపించి కూలీలకు హుకుం ఇచ్చాడు. "అన్ని ఇండ్లయి కప్పులు దియ్యుండ్రి. మూడొద్దులు ఎండ వడాలె. అప్పటిదాంక ఎవ్వడు పెంకు వెట్టొద్దు. గా మంచం మీదియి కాల్చెయ్యుండ్రి."

ప్రమీలమ్మ వెళ్లి మంచం నడుమ, బొంతల మీద, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"లెవ్వమ్మా" అన్నాడు జమాదారు.

"లెవ్వ. పసిపోరికి కుట్టిన బొంతలియి. సూది గుచ్చుకొని వేళ్లు పుండ్లయినయి. కాలుస్తె నాతోని కలిపి కాల్చుకో."

ఆడమనిషిని లేపడానికి హుకుములో మార్గం కనిపించక జమాదారు తల గోక్కుని, ఆ విషయం తరువాత చూద్దామని పక్క ఇంటి వైపు తిరిగాడు. మార్కండేయ మాత్రం మంచం మీద కూర్చున్న భార్యను చూశాడు, తెరుచుకున్న కప్పును చూశాడు. సూర్యుడు నడినెత్తి దాటాడు. సాయంత్రం మోటారు వస్తుంది. పసిపిల్ల దిగుతుంది. దశరథం రేపు దొరకడు. కూలికి వచ్చినవాడు పారిపోయాడు. దూలం రెండో కొస ఎత్తేవాడు లేడు. ఆ క్షణాన ఇంకొకరైతే తల పట్టుకుని అరుగుమీద కూలబడేవాళ్లు. మార్కండేయ తువ్వాల ఇంకాస్త బిగించాడు.

"సాబ్" అన్నాడు వినయంగా, "పెంకు వెట్టొద్దన్నరు, వెట్ట. గని పాత దూలం నిండ ఎలుకల బొక్కలున్నయి. మీ కండ్లతోని సూడుండ్రి. దాన్ని గట్లనే ఉంచుడా, తీసుడా?"

బొక్కలున్న మాట నిజమే. జమాదారు పైకి చూసి ఉలిక్కిపడ్డాడు. "ఎలుకల బొక్కలా? ఎంటనే తీసెయ్యాలె!"

"తీస్తె గోడలు కూలుతయి. కొత్తది ఎక్కియ్యాలె. నలుగురు మనుషులు గావాలె సాబ్."

"ఏయ్, నలుగురు రాండ్రిరా!" అని అరిచాడు జమాదారు.

సర్కారు కూలీలు నలుగురూ, దశరథమూ, మార్కండేయా కలిసి పాత దూలం దించి టేకు దూలం ఎక్కించారు. అది గోడల మీద కూర్చున్నప్పుడు వచ్చిన దబ్బుమనే చప్పుడు మార్కండేయకు మంగళవాద్యంలా వినిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందని చెప్పి తుడుచుకున్నాడు.

వాడలో మిగిలిన కప్పులు అంత మర్యాదగా దిగలేదు. హుకుం పని కాబట్టి పెంకులు రాలినవి రాలాయి, పగిలినవి పగిలాయి. పొద్దు వాలేసరికి వాడ అంతా నెత్తి గొరిగించుకున్నట్టు కనబడింది.

అదే సమయానికి రోడ్డు పక్కన మోటారు ఆగింది. బాపురావు దిగాడు. చేతిలో ట్రంకు పెట్టె, వెనకాల భార్య, ఆమె ఒడిలో పిల్ల. దిగుతూనే చెరుకు మడిలో గుడిసెలు చూసి ఆశ్చర్యపోయాడు. అక్కడ రాలగా మిగిలిన మురుకులు అమ్ముకుంటున్న పెంటవ్వ తలెత్తింది. గంప వదిలేసి కెవ్వున అరిచింది.

"కాయ్ ఝాలా? ఏమైందమ్మా?" అన్నాడు బాపురావు కంగారుగా.

"నువ్వు... నిన్ను... నీకు దహనం గూడ అయిపాయె గద బాపురావూ!"

"అరే బాపురే! నాకెప్పుడు?"

జనం దూరంగా వలయం కట్టారు. ముందుగా ధైర్యం చేసింది లింగవ్వ. దగ్గరికొచ్చి బాపురావు పాదాల వంక చూసింది. అవి నేల మీదే ఉన్నాయి. చెయ్యి పట్టి చూసింది, వేడిగా లేదు. అప్పుడు పసిపిల్ల ఒళ్లు విరుచుకుని గట్టిగా ఏడ్చింది. అంత బలంగా ఏడ్చే పిల్ల ఉన్న ఇంట్లో రోగం ఉండదని అందరికీ అర్థమైంది.

"నా ఇంటి దూలం మారుస్తనని చెప్పిండుగా మార్కండేయ" అన్నాడు బాపురావు. "అందుకే తాళంచెవి ఇచ్చి పోయిన."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. భయం పోయిన చోట కోపం వచ్చింది. బండ్లు వెనక్కి తిరిగాయి. వాడలోకి వచ్చి తమ కప్పులను చూసుకున్న తరువాత ఆ కోపం రెండింతలైంది.

మార్కండేయ గడప మీద కప్పు గురిగిని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్లు దేనికొస్తారో ఆయనకు తెలుసు.

"నీ దూలానికి మా ఇండ్లు కూలగొట్టిస్తివి!" అన్నాడు భీమన్న ముందు నిలబడి. అతనిది కిరాయి ఇల్లే అయినా, ఊరికే ఉరికినందుకు అందరికంటే ఎక్కువ ఉడుకుమీదున్నాడు.

"పలిగిన పెంకులకు పైసలియ్యి" అంది లింగవ్వ. "గా గురిగి ఇటు తే. ఈ వాడంత నీ పుణ్యాన ఆకాశం కింద వడ్డది."

"పెంకులకు ఇస్త" అన్నాడు మార్కండేయ. గూటిలోంచి సున్నం గురిగి తెచ్చి అందరి ముందు అరుగు మీద పెట్టాడు. "పలిగిన పెంకు చిల్లర మరమ్మతు. అది ఈ గురిగిది. మొత్తం తీసుకోండ్రి. ఈ ఏడు నా గోడలకు సున్నం లేకుంటె లేకపాయె. నేను ముందుగాల నలుగురికి చెప్పి కప్పు తీసేది ఉండె, చెప్పకపోతిని. తప్పు నాదే. గని ఇది మాత్రం ఇయ్య." ఒడిలో గురిగిని రెండు చేతులా పొదువుకున్నాడు. "ఇది కప్పుది. పసిపోరి నెత్తి మీదిది. నా నెత్తి వలగ్గొట్టుండ్రి, దీన్ని వలగ్గొట్టనియ్య."

లింగవ్వ నోరు తెరిచింది కానీ, మాట బయటికి రాకముందే ఎదురింటి కప్పు మీది నుంచి దశరథం కేక వినబడింది. పెంకులెన్ని పోయాయో చూడడానికి జమాదారు అతన్ని అక్కడికి ఎక్కించాడు.

"అవ్వా! జెర ఇటు రా."

లింగవ్వ వెళ్లింది. దశరథం ఆమె ఇంటి దూలం మీద కాలి మడమతో మెల్లగా తట్టాడు. దూలంలోంచి పిండిలాంటి పొడి జలజల రాలింది. ఇంకోసారి తట్టాడు. చెదలు తిన్న ముక్క ఊడి, సరిగ్గా ఆమె మనుమడు రోజూ పడుకునే చాప చోట పడింది.

"ఇది దూలం గాదవ్వా" అన్నాడు దశరథం, "అలవాటు మీద నిలవడ్డది. మొదటి వానకే కిందికొచ్చేది."

లింగవ్వ మనుమణ్ణి గుండెకు హత్తుకుని అక్కడే కూలబడింది. ఆమె ఏడుపు చూసి వాడంతా నిచ్చెనల మీదికెక్కింది. పెంకులు తీసి ఉండడం వల్ల ఇప్పుడు చూడడం సులువైంది. ఎవరి ఇంట్లో చూసినా అదే కథ. ఒకరి దూలం చెదలు తిన్నది, ఒకరి వాసాలు పుచ్చినవి, ఒకరి గోడ దూలాన్ని వదిలేసి పక్కకు జరిగి ఉంది. తాతల నాటి ఇళ్లు, తాతల నాడు చూసిందే ఆఖరు. పొద్దున్నుంచీ మార్కండేయను తిట్టినవాళ్లందరూ ఇప్పుడు దశరథం చుట్టూ చేరారు.

"దశరథం అన్నా, ముందుగాల మా ఇంటికి రా!"

"రెండింతల కూలిస్త!"

"రేపటి సంది ఫ్యాక్టరీకి పోతున్న" అన్నాడు దశరథం. అయితే అంతమంది ఒకేసారి అన్నా అని పిలవడం అతనికి బాగానే ఉంది. "సరే, మీ ఇండ్లన్ని అయినంకనే పోత. గని ముందుగాల ఎవ్వలది?"

అందరూ నాది అంటే నాది అన్నారు. లింగవ్వ కళ్లు తుడుచుకుని లేచింది. బాపురావు భార్య వాకిట్లో మంచం మీద, ప్రమీలమ్మ పక్కన కూర్చుని ఉంది. పిల్ల ఆ బొంతల మీద నిద్రపోతోంది. ప్రమీలమ్మ అప్పటికీ మంచం దిగలేదు.

"ముందుగాల ఆ పోరి నెత్తిమీద పెంకు వడాలె" అంది లింగవ్వ. "ఆమెకోసమే గద ఇదంత. ఎవలన్న కాదంటె నాతోని మాట్లాడుండ్రి." ఎవరూ కాదనలేదు. లింగవ్వతో మాట్లాడాలని ఎవరికీ ఉండదు.

మిగిలింది జమాదారు. మూడు రోజుల హుకుం ఆయనదే. రోగం లేదు, ఎలుక లేదు, రోగి మోటారు దిగి వచ్చాడు. ఆయన చాలాసేపు మీసం దువ్వి, కచేరీకి ఏం చెప్పాలో నిర్ణయించుకున్నాడు. "సకాలంల కప్పులు తీసినందుకు రోగం మొదలుగాకముందే ఆగిపోయింది" అని ప్రకటించి, పెంకులు పెట్టుకోవచ్చని సెలవిచ్చి, సున్నం తట్టలతో సహా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం వాడంతా వరుసగా నిలబడి పెంకులు చేతులు మార్చింది. కొన్ని గంటల పని పొయ్యి మీద అన్నం ఉడికేలోపు అయిపోయింది. దీపాలు పెట్టే వేళకు మూడో అర్ర కప్పు మూసుకుంది. దశరథం అందరూ చూస్తుండగా గురిగిని గడపకేసి కొట్టాడు. మట్టి పెంకుల నడుమ ఇన్నేళ్ల నిజాం సర్కారు హాలీ సిక్కాలు కుప్పగా పడ్డాయి. దశరథం కూలి, దూలం ఖరీదు పోను కొంచెం మిగిలింది కూడా. మార్కండేయ దాన్ని జేబులో వేసుకోలేదు. కొత్త గురిగి తెమ్మన్నాడు.

బాపురావు పిల్లను దూలం కింద పడుకోబెట్టి పైకి చూశాడు. మార్కండేయా చూశాడు. అరుగు మీది నుంచి పెంటవ్వ గట్టిగా అంది.

"అన్నా, రెండేండ్ల దాంక కిరాయి పెంచనంటివి. వాడంత ఇన్నది, మరువకు."

మార్కండేయ పళ్లు కొరుక్కున్నాడు.

ఆ వారమంతా వాడలోని కప్పులు గుంజల మీద నిలబడి, పగిలిన చోట కొత్త పెంకులు కప్పుకున్నాయి. దూలాలు మార్చడానికి మాత్రం ఎవరి దగ్గరా డబ్బు లేదు. అందుకని ఒకనాటి పొద్దున లింగవ్వ కొత్త గల్లగురిగి ఒకటి పట్టుకొచ్చి మార్కండేయ అరుగు మీద పెట్టింది.

"ఇది నా కప్పు గురిగి. నీ తాన ఉంచు కొడుకా. నా ఇంట్ల ఉంటె రేపు ఎవని పెండ్లికో నేనే వలగ్గొడత. నువ్వయితె సస్తవు గని వలగ్గొట్టవు."

మరునాడు భీమన్న తన ఊర్లో కట్టుకోబోయే ఇంటికని ఒకటి తెచ్చాడు. ఆ మరునాడు పెంటవ్వ, ఆ వెనక వాడంతా. ఉగాది నాటికి గూడు నిండింది, గూటి కింద గోడ నిండింది, మంచం కింద నిండింది, వంటింటి దారి మూసుకుపోయింది. మార్కండేయ ఒక్కొక్కదాని మీద సున్నంతో ఒక్కో గుర్తు పెట్టి, ఏది ఎవరి కప్పుదో కంఠతా పట్టాడు. ఆయన ముఖంలో అంత తృప్తి ప్రమీలమ్మ ఏనాడూ చూడలేదు.

ఆమె అన్నం గిన్నె పట్టుకుని గురుగుల నడుమ అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, నిలబడి చుట్టూ చూసింది.

"ఇయన్ని వెట్టనీకె ఇంకో అర్ర కట్టాలె గద" అంది. "దాని పైసలు ఏ గురిగిల ఉన్నయి?"